క్రీట్‌లో నాలుగో రోజు

కాపెల్, టెక్సస్
మార్చి 8

చంద్రికా,

నువ్వు ఫోన్‌లో క్రీట్ దీవికి వెళ్తున్నామనగానే నేను "మంచిది" అని పెట్టేశాను. నువ్వు నొచ్చుకున్నావని ఆ తర్వాత వచ్చిన మెసేజ్‌లో ఒక్క బొమ్మ కూడా లేకపోవడం చూసి తెలుసుకున్నాను. ఫోన్‌లో నేను ఎక్కువ మాట్లాడలేను. మీ బావగారు ఇంటి నుంచే పనిచేస్తారు. ఆ గదికి తలుపు ఉంది కానీ వేసుకోరు. వాట్సాప్‌లో రాద్దామంటే నా మెసేజ్‌లన్నీ హాల్లో ఉన్న ఐప్యాడ్‌లోకి కూడా వస్తాయి. అది ఎలా ఆపాలో ఇంట్లో తెలిసినది ఆయనకొక్కరికే. అందుకని ఉత్తరం. మా అమ్మాయి నిధి పెళ్ళి శుభలేఖలప్పుడు కొన్న స్టాంపులు ఇంకా ఉన్నాయి.

మీ పాతికేళ్ళ పెళ్ళిరోజు కాబట్టి వద్దనను. రెండేళ్ళ క్రితం మేం వెళ్ళి తొమ్మిది రోజులు ఉండి వచ్చాం కాబట్టి కొన్ని చెప్తాను.

అక్కడ నోరు తెరిచి అడక్కపోతే గేర్లు మార్చే కారు ఇస్తారు. మరిదిగారు ఆఖరిసారి క్లచ్ తొక్కింది ఎప్పుడో కనుక్కో. కొండ మలుపుల్లో మేకలు రోడ్డు మీద నిలబడి ఉంటాయి. హారన్ కొడితే మన వైపు చూస్తాయి, అంతే. ఆటోమేటిక్ ఇప్పుడే బుక్ చేయండి. తాళాలు తీసుకునే ముందు కారు చుట్టూ తిరిగి వీడియో తీయండి, టైర్లతో సహా. స్కూటర్లు, నాలుగు చక్రాల బైకులు కూడా అద్దెకిస్తారు. వాటి జోలికి పోవద్దు. మేం కొన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితంలో చిన్న అక్షరాల్లో, వాటి మీద నుంచి పడితే తమకు సంబంధం లేదని ఉంది. మీదీ చదువుకోండి.

పన్నెండు నుంచి నాలుగు దాకా కొండల్లో నడవకండి. దాహం వేశాక తాగుదామనుకుంటే ఆలస్యమైపోతుంది. నీళ్ళలో రాళ్ళ మీద నల్లగా ముళ్ళ ఉండల్లాంటివి ఉంటాయి, కాలికి రబ్బరు చెప్పులు ఉండాలి. ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి పెడతారు. కొన్నిచోట్ల అందులో మాంసం కలుపుతారు, అడిగి తిను. బాత్‌రూమ్‌లో కాగితం కమోడ్‌లో వేయకూడదు, పక్కన బుట్ట ఉంటుంది. ఈ విషయం ఎవరూ ముందు చెప్పరు.

ఇక సముద్రం. మా ఆఫీసులో ఒకావిడ క్రీట్ వెళ్ళింది. ఒడ్డున ఎర్ర జెండా ఉంటే దిగకూడదని ఆవిడ చెప్పింది. నీళ్ళు నిమ్మళంగా కనిపించినా దిగకూడదు. లోపలికి లాగేస్తుంటే తిరిగి ఒడ్డు వైపు ఈదకూడదట, పక్కకి ఈదాలట. ఆవిడకి అది తర్వాత తెలిసింది. దక్షిణం వైపు ఒక ఒడ్డు ఉంది. చివర కొండ మీద తెల్లటి చిన్న చర్చి, రోడ్డు మీద నుంచి కిందికి రాతి మెట్లు. పేరు రాయను, రాస్తే వెతుకుతావు. అక్కడికి వెళ్ళకండి.

పాస్‌పోర్టులకు ఫొటో తీసి పెట్టుకోండి.

అక్క


బెంటన్‌విల్, ఆర్కన్సా
మార్చి 21

అక్కా,

నీ ఉత్తరం వారానికి అందింది. మా లైబ్రరీలో నాతో పనిచేసే వాళ్ళకి చూపిస్తే, చేత్తో రాసిన ఉత్తరం చూసి చాలా ఏళ్ళయిందని అందరూ తాకి చూశారు. తెలుగు ఎవరికీ రాదు కాబట్టి నీ బాత్‌రూమ్ సంగతులు భద్రంగానే ఉన్నాయి.

శశికాంత్‌కి చదివి వినిపించాను. శ్రద్ధగా విని ఎక్సెల్‌లోకి ఎక్కించారు. ఆఫీసులో ప్రాజెక్టులకు చేసినట్టు ప్రతి ప్రమాదానికీ ఒక వరస, పక్కన ఎంతవరకు జరగవచ్చు, జరిగితే బాధ్యులెవరు అని గడులు. మేకలకు వేరే వరస ఉంది. దానికి బాధ్యురాలు నేను. క్లచ్ గురించి అడిగితే, "హైదరాబాద్‌లో నేర్చుకున్నాను కదా, అది మర్చిపోయేది కాదు" అన్నారు. నేర్చుకున్న కారు తయారుచేసిన కంపెనీయే ఇప్పుడు లేదని గుర్తు చేశాను. ఆటోమేటిక్ బుక్ చేశారు.

అక్కా, ఒక సందేహం. నువ్వు పనిచేసేది పళ్ళ డాక్టరు దగ్గర. ఆఫీసులో మొత్తం నలుగురు. డాక్టరుగారికి విమానం అంటే భయమని, హ్యూస్టన్‌కి కూడా కారులోనే వెళ్తారని నువ్వే చెప్పావు. ఇంకొకావిడకి పాస్‌పోర్టే లేదని కిందటేడు నవ్వుకున్నాం. మూడో అమ్మాయి చేరి నాలుగు నెలలైంది. క్రీట్ వెళ్ళినావిడ ఎవరు?

ఇంకొకటి. మీ ట్రిప్ ఆల్బమ్ నిన్న మళ్ళీ తెరిచాను, ఏం చూడాలో తెలుస్తుందని. రెండు వందల పద్నాలుగు ఫొటోలు. మొదటి మూడు రోజులవి రెండు వందల పన్నెండు. నాలుగో రోజువి రెండు. ఆ తర్వాత ఐదు రోజులు ఉన్నారు, ఒక్కటీ లేదు. బావగారు కాఫీ కప్పును నాలుగు వైపుల నుంచీ తీసే మనిషి. కెమెరా పాడైందని చెప్పకు, అది ఫోన్.

నువ్వు చెప్పకపోతే నేను అడగను. కానీ ఇప్పుడు అడిగాను.

చంద్రిక


కాపెల్
ఏప్రిల్ 6

చంద్రికా,

మందులు చెక్ఇన్ బ్యాగులో పెట్టకుండా చేతిలో పెట్టుకోండి. దోమల మందు తీసుకెళ్ళండి. ఎవరైనా చేతికి దారమో పూలో కట్టబోతే చేయి వెనక్కి తీసుకో.

ఆ ఆఫీసావిడను నేనే.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆ ఒడ్డుకి వెళ్ళాం. రోడ్డు పక్కన కారు ఆపి రాతి మెట్లు దిగాం, తొంభై దాకా ఉంటాయి. అంతా గుండ్రాళ్ళే, ఇసుక లేదు. ఎండకి కాలిపోతున్నాయి. మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. ఒక కర్రకి ఎర్ర జెండా ఉంది, చూశాను. అదేమిటో నాకు తెలియదు, అడగలేదు కూడా. నాకు ఈత వచ్చని నీకు తెలుసు కదా, కాలేజీలో నేర్చుకున్నాను. ఆయనకి రాదు. ఆయన చెప్పులు విప్పి, మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి ఫొటోలు తీస్తున్నారు. నువ్వు చూసిన రెండు ఫొటోలు అవే.

నేను పదిహేను బారలు వేసి ఉంటాను. వెనక్కి తిరిగితే ఒడ్డు నేననుకున్నదానికంటే దూరంలో ఉంది. ఒడ్డు వైపు ఈదాను. ఎంత ఈదినా ఆయన చిన్నగా అయిపోతున్నారు. అల మీద నుంచి రెండుసార్లు చెయ్యి ఎత్తాను. ఆయన చూశారు. చూశారని నాకు గట్టిగా తెలుసు, ఫోన్ కిందికి దించారు. తర్వాత ఒక అల నా మీద నుంచి వెళ్ళింది. పైకి వచ్చి చూసేసరికి ఆయన వీపు కనిపించింది. మెట్లెక్కి పోతున్నారు. పరిగెత్తుతున్నారు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఆ తర్వాత ఎంతసేపో నాకు తెలియదు. చర్చి ఉన్న కొండ అవతలికి కొట్టుకుపోయాను. చేపలు పట్టేవాడు కాబోలు, ఒకతను చిన్న బోట్‌లో వచ్చి నా చంకల కింద చేతులు వేసి లాగాడు. అతనికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. పక్క ఊరి రేవుకి తీసుకెళ్ళి క్లినిక్‌లో కూర్చోబెట్టి వెళ్ళిపోయాడు. అరగంట తర్వాత ఎవరిదో ట్రక్ వచ్చి ఆగింది, అందులోంచి ఆయన దిగారు.

"బాగానే ఉన్నావా" అన్నారు.

"బాగానే ఉన్నాను" అన్నాను.

రెండేళ్ళలో దాని గురించి మేం మాట్లాడుకున్నది ఇంతే. మిగిలిన ఐదు రోజులూ హోటల్లో కూర్చున్నాం. ఆయన కాళ్ళకి సాక్సు వేసుకుని తిరిగారు, మాటిమాటికీ వంగి వాటిని సర్దుకునేవారు. నా మొహం చూడలేక తల వంచుకుని ఉండడానికి అదో సాకు అనుకున్నాను.

భయం వేస్తే ఎవరైనా పరిగెత్తుతారు. అది నాకు తెలుసు, రోజూ చెప్పుకుంటాను. ఇంటికి వచ్చాక ఆయన అడక్కుండానే గిన్నెలు సర్దుతున్నారు, చెత్త బయట పెడుతున్నారు, నేను ఏది అన్నా సరే అంటున్నారు. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ చేయనివి. చేసిన తప్పు మనసులో లేకపోతే ఎవరైనా అంత మారతారా?

సెప్టెంబర్‌లో శాంటా క్లారా వెళ్ళి నిధి వాళ్ళ దగ్గర ఉందామనుకుంటున్నాను. కొన్నాళ్ళు అని చెప్తాను. ఎన్నాళ్ళో చెప్పను.

ఈ ఉత్తరం ఎక్సెల్‌లోకి ఎక్కకూడదు.

అక్క


బెంటన్‌విల్
ఏప్రిల్ 17

అక్కా,

ఉత్తరం చదివాక నీకు ఫోన్ చేశాను. బావగారు ఎత్తారు. నువ్వు స్నానం చేస్తున్నావన్నారు. మీ దగ్గర వానలెలా ఉన్నాయని అడిగారు. వానల గురించి నాలుగు నిమిషాలు మాట్లాడాను. టోర్నడో సైరన్ గురించి కూడా చెప్పాను.

ఆయన నాకు పద్నాలుగో ఏట నుంచి తెలుసు. మీ పెళ్ళిలో నా చెప్పులు పోతే వెతికి తెచ్చిన మనిషి. నువ్వు రాసింది అబద్ధమని నేను అనను. నీ కళ్ళతో చూశావు. కానీ నువ్వు ఒక్కసారైనా అడగాల్సింది. "ఎందుకు వెళ్ళారు" అని రెండు మాటలు.

నేను టికెట్లు క్యాన్సిల్ చేస్తానని శశికాంత్‌తో అన్నాను. కారణం చెప్పలేదు. "రీఫండబుల్ కాదు కదా" అన్నారు. ఆ తర్వాత నా మొహం చూసి, "పోనీలే, క్యాన్సిల్ చేద్దాం" అన్నారు. నువ్వే చెప్పు.

చంద్రిక


కాపెల్
ఏప్రిల్ 25

చంద్రికా,

క్యాన్సిల్ చేయకు. నేను వెళ్ళవద్దన్నది ఒక ఒడ్డుకి. క్రీట్ చాలా పెద్దది.

అడగాల్సింది అన్నావు. అడిగితే ఆయన నిజం చెప్తారు, అబద్ధం ఆడడం ఆయనకి రాదు. "భయపడి పారిపోయాను" అని ఆయన నోటితో అంటే నేను ఆ రాత్రి ఆయనకి అన్నం ఎలా పెట్టాలి? అడక్కపోతే పెట్టగలుగుతున్నాను.

టోపీలు వెడల్పు అంచువి కొనండి. ఆ గాలికి ఎగిరిపోతాయి, గెడ్డం కింద తాడు ఉన్నవి కొనండి.

అక్క


క్రీట్, దక్షిణ తీరం
జూన్ 17

అక్కా,

ఇది హోటల్ వాళ్ళ కాగితం. పోస్టులో ఎన్ని రోజులకు వస్తుందని అడిగితే రిసెప్షన్ ఆయన భుజాలు ఎగరేశాడు. ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ ఇది నువ్వు ఒక్కదానివే కూర్చుని, మళ్ళీ మళ్ళీ చదువుకోవాల్సిన సంగతి. అందుకే రాస్తున్నాను.

మొదట ఒప్పుకోలు. ఆ ఒడ్డుకి వెళ్ళాను. నువ్వు పేరు రాయలేదు కానీ నాలుగో రోజు ఫొటోలో లొకేషన్ ఉంది. శశికాంత్‌కి వెళ్ళే దారిలో కారులో అంతా చెప్పాను. ఆయన కారు పక్కకి తీసి ఆపారు. తర్వాత, "సరే, చూసి వచ్చేద్దాం, నీళ్ళలో దిగేది లేదు" అన్నారు.

రెండో ఒప్పుకోలు. వెళ్ళేసరికి ఒంటిగంట. దారిలో కోట చూస్తూ ఆలస్యమైంది. మెట్లు దిగేటప్పుడు బాగానే ఉన్నాం. ఎక్కేటప్పుడు సగంలో శశికాంత్ ఆగిపోయారు. చెమట పట్టడం లేదు, మొహం ఎర్రగా అయిపోయింది. "కొంచెం కూర్చుంటాను" అని మెట్టు మీద పక్కకి ఒరిగిపోయారు. సీసాలో రెండు గుక్కల నీళ్ళున్నాయి. ఫోన్‌కి సిగ్నల్ లేదు. అక్కా, నాకు అప్పుడు ఒకటి తెలిసింది. ఆయన్ని అక్కడ వదిలేసి పైకి పరిగెత్తాలి. నేను పరిగెత్తాను. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే కాళ్ళు ఆగిపోతాయని.

మెట్ల పైన రోడ్డుకి అవతల, వంద గజాల దూరంలో చిన్న భోజనశాల ఉంది. ఒకావిడ, మగవాళ్ళు ఇద్దరు వచ్చారు. శశికాంత్‌ని మోసుకొచ్చి నీడలో పడుకోబెట్టి, మెడకీ చంకలకీ తడిగుడ్డలు పెట్టి, ఉప్పు వేసిన నీళ్ళు కొంచెం కొంచెంగా పట్టారు. డాక్టరుకి కూడా ఫోన్ చేశారు. ఆయన వచ్చి చూసి, ఎండ దెబ్బ, సరైన సమయానికి తెచ్చారన్నాడు. ఇప్పుడు బాగానే ఉన్నారు. పక్కనే కూర్చుని ఎక్సెల్‌లో ఒక గడికి ఎరుపు రంగు వేస్తున్నారు.

ఆవిడ పేరు కాలియోపి. అరవై ఏళ్ళుంటాయి, ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది. శశికాంత్ లేచి కూర్చున్నాక, "మీరు ఇండియా వాళ్ళా" అని అడిగింది. అవునన్నాను.

"రెండు వేసవుల కింద ఇక్కడికి ఒక ఇండియా ఆయన వచ్చాడు," అంది. "మీలాగే ఆ మెట్ల మీద నుంచి వచ్చాడు. కానీ ఆయన కాళ్ళకి చెప్పులు లేవు."

ఆవిడే చెప్పింది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

ఆయన లోపలికి వచ్చేసరికి మాట రావడం లేదట. సముద్రం వైపు చూపించి "వైఫ్, వైఫ్" అన్నాడట. ఆవిడ తమ్ముడు భోంచేస్తున్నాడు. ఇతను వెళ్ళి అతని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. తమ్ముడి చేతిలో ఫోర్క్ అలాగే ఉందట. భోజనశాల వెనకనుంచి కిందికి దిగితే వాళ్ళ బోట్ ఉంటుంది. తమ్ముడు బోట్ తోశాడు. ఇతనూ ఎక్కబోయాడు. ఈత వచ్చా అని తమ్ముడు చేతులతో అడిగితే రాదన్నాడు. అయితే వద్దని తోసేసి వెళ్ళిపోయాడు. తోసేసినా ఇతను ఆగలేదు. బోట్ వెనకే నీళ్ళలోకి నడిచాడు. నడుము దాకా, తర్వాత గుండెల దాకా. అక్కడ భోంచేస్తున్న ఇద్దరు జర్మన్లు దూకి వెనక్కి లాగారు. "ఆయన్ని పట్టుకోవడం కష్టమైంది," అంది కాలియోపి. "బక్కమనిషి, అయినా కష్టమైంది."

తర్వాత ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టారు. అరికాళ్ళు రెండూ ఆ రాళ్ళకి కాలి బొబ్బలెక్కి చిట్లిపోయాయి. ఆవిడ మందు రాసి, వాళ్ళ నాన్న చెప్పులు ఇచ్చింది. ఇతనికి ఆ సంగతే తెలియదు, సముద్రం వైపే చూస్తున్నాడు. తమ్ముడి నుంచి ఫోన్ వచ్చాక ఆవిడే ట్రక్‌లో క్లినిక్‌కి తీసుకెళ్ళింది.

"ఆ బెంచీ మీద ఉన్నంతసేపూ ఒకటే మాట అంటున్నాడు," అంది. "ప్రసూన, ప్రసూన అని. మేమంతా మీ దేవుడి పేరేమో అనుకున్నాం. ఆపకుండా ప్రార్థన చేస్తున్నాడని మేమూ శిలువ గీసుకున్నాం. అది ఏ దేవుడు?"

మా అక్క పేరు అని చెప్పాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత రెండు అడిగింది. ఆయన కాళ్ళు తగ్గాయా అని. మేం అంత పెద్ద జెండా పెడితే చూసి కూడా ఎందుకు దిగారని. మొదటిదానికి తెలియదన్నాను. రెండోదానికీ తెలియదన్నాను.

అక్కా, నువ్వు చూసింది నిజమే. ఆయన వీపే చూశావు, మెట్లెక్కి పోవడమే చూశావు. నీకు అక్కడి నుంచి అంతవరకే కనిపించింది.

చంద్రిక


కాపెల్
జూలై 5

చంద్రికా,

ముందు మరిదిగారికి రోజూ మజ్జిగ ఇవ్వు. ఎండ దెబ్బ తగిలినవాళ్ళకి కొన్నాళ్ళు మళ్ళీ తేలిగ్గా తగులుతుందంటారు. ఒంటిగంటకి కోట చూసింది ఎవరి ఐడియానో నేను అడగను.

నీ ఉత్తరం పదమూడు రోజులకు వచ్చింది. కారు గరాజ్‌లో పెట్టి అందులోనే కూర్చుని చదివాను. మూడుసార్లు చదివాక ఇంట్లోకి వెళ్ళాను. ఆయన మీటింగ్‌లో ఉన్నారు. తలుపు తెరిచే ఉంది. ఎప్పటిలాగే బటన్ లేని పాత చొక్కా వేసుకుని, ఎవరికో లాగిన్ పేజీలో తప్పు వివరిస్తున్నారు. కాసేపు నిలబడి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ రోజు అడగలేకపోయాను. మర్నాడూ అడగలేకపోయాను.

నిధికి ఫోన్ చేసి సెప్టెంబర్‌లో రావడం లేదని చెప్పాను. "నువ్వు సెప్టెంబర్‌లో వస్తున్నావా అమ్మా, ఎప్పుడు అన్నావ్?" అంది. తనకి నేను అసలు చెప్పనే లేదని అప్పుడు గుర్తొచ్చింది. అంతా నేను ఒక్కదాన్నే అనుకుని, నేను ఒక్కదాన్నే మానుకున్నాను.

మూడో రోజు శనివారం. ఆయన డిష్‌వాషర్‌లోంచి గిన్నెలు తీసి సర్దుతున్నారు. నేను పులుసుకి చింతపండు పిసుకుతున్నాను. ఆయన వైపు చూడకుండా, "చంద్రిక వాళ్ళు అక్కడ కాలియోపి అనే ఆవిణ్ణి కలిశారట" అన్నాను.

గిన్నెల చప్పుడు ఆగింది.

"ఆవిడ బాగుందా?" అన్నారు.

"బాగుందట. మీ కాళ్ళు తగ్గాయా అని అడిగిందట."

"తగ్గాయని చెప్పమను."

"నాకెందుకు చెప్పలేదు?"

"కాళ్ళ గురించా? నువ్వే ఆ స్థితిలో ఉంటే నా కాళ్ళ గురించి ఏం చెప్తాను?"

"కాళ్ళ గురించి కాదు. మీరు పైకి వెళ్ళింది బోట్ కోసమని."

ఆయన నా వైపు తిరిగారు. "ఇంకెందుకు వెళ్తాను? ఫోన్ ట్రై చేశాను, సిగ్నల్ లేదు. దారిలో ఆ భోజనాల హోటల్ చూశాం కదా, అక్కడ మనుషులుంటారని..." అని ఆగిపోయారు.

నా మొహంలో ఏం కనిపించిందో తెలియదు. చేతిలో ప్లేటు కౌంటర్ మీద పెట్టేశారు.

"పారిపోయాననుకున్నావా?"

"అవును" అన్నాను.

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను, చంద్రికా. రావాలని కూడా అనుకున్నాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, "ఈ రెండేళ్ళూ నీ కోపం అందుకా?" అన్నారు.

"మరి ఇంకెందుకనుకున్నారు?"

"జెండా గురించి అనుకున్నాను."

ఏ జెండా అన్నాను. ఆయన నేల వైపు చూస్తూ చెప్పారు. నేను నీళ్ళ దగ్గర జుట్టు ముడి వేసుకుంటూ ఉంటే, ఆ ఎర్ర జెండా చూసి ఆయన, "ఇక్కడి ఫుట్‌బాల్ టీమ్‌ది అయ్యుంటుంది, దిగు ఏం కాదు" అన్నారట. రెండేళ్ళుగా ఆయన చెవిలో మోగుతున్నది ఆ మాటేనట. తను చెప్పబట్టే నేను దిగానని. మనసులో ఎన్నిసార్లు అనుకున్నా నాతో క్షమించమని అడగలేకపోయారట. అడిగితే ఆ మాట మళ్ళీ నా ముందు అనాలి కదా. అందుకే గిన్నెలు. అందుకే చెత్త. అందుకే నేను ఏది అన్నా సరే.

"నేనది వినలేదు" అన్నాను.

"ఏది?"

"ఫుట్‌బాల్ టీమ్ మాట. అసలు వినలేదు. గాలి హోరు. మీరేదో అంటున్నారని కూడా తెలియదు. జెండా నేనే చూశాను, నేనే దిగాను."

నేను వినని మాటకి ఆయన రెండేళ్ళు శిక్ష వేసుకున్నారు. ఆయన చేయని పనికి నేను రెండేళ్ళు శిక్ష వేశాను. ఒకే సోఫాలో ఆ చివరా ఈ చివరా కూర్చుని సీరియల్ చూశాం.

"నా వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదేం?" అని అడిగాను. ఇది నువ్వు రాశాక కూడా నాకు అడగాలనిపించింది.

"చూశాను," అన్నారు. "పైమెట్టు దగ్గర. నువ్వు కనిపించలేదు." కౌంటర్ మీది ప్లేటు తీసి మళ్ళీ అక్కడే పెట్టారు. "అక్కడి నుంచి హోటల్ దాకా నువ్వు లేవనే అనుకుంటూ పరిగెత్తాను."

చంద్రికా, నీళ్ళలో ఉన్నప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు.

నా చేతుల నిండా చింతపండు గుజ్జు. వాటిని ఏం చేయాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాను. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని పారిపోయినవాడనుకుని, రోజుకి రెండు పూటలా ఎదురుగా కూర్చోబెట్టి భోజనం పెట్టాను. దీనికి క్షమాపణ ఎలా చెప్తారో నాకు తెలియదు. ఆ మాటే ఆయనతో అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించారు. ఏదైనా సాఫ్ట్‌వేర్ పని చేస్తోందో లేదో చూసేటప్పుడు ఎలా ఆలోచిస్తారో అలాగే.

"భోజనం బాగానే పెట్టావు" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. మధ్యలో అది ఏడుపైపోయింది. ఆయన లేచి వచ్చి స్టవ్ ఆపి, ట్యాప్ తిప్పి, నా చేతులు రెండూ దాని కింద పెట్టి కడిగారు, ఒక్కొక్క వేలూ. చిన్నపిల్లలకి కడిగినట్టు. మేం ఆ రోజు రెండున్నరకి భోంచేశాం. పులుసులో ఉప్పు వేయలేదని ఇద్దరికీ తెలుసు. లేచి వెళ్ళి తెచ్చుకుందామని ఇద్దరికీ అనిపించలేదు.

నీ అక్క,
ప్రసూన